పదకొండు రోజుల కాగితాలు

పోయిన నెలలో మా నాందేడ్‌లోని ఒక కళాశాలలో విజ్ఞాన సభ జరిగితే, రిటైరైన పాత అధ్యాపకురాలినని నన్నూ పిలిచారు. మోకాళ్ల నొప్పితో ఎక్కడికీ కదలనిదాన్ని ఆరోజు మాత్రం ఆటో మాట్లాడుకుని వెళ్లాను. కారణం ఆహ్వానపత్రం మీద అచ్చువేసిన ఉపన్యాసం పేరు. ముసలి నక్షత్రాల నుంచి వచ్చే మేసర్ తరంగాలలో కొద్ది రోజుల్లోనే కనిపించే హెచ్చుతగ్గులు అని ఉంది. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఇక్కడి మర్యాద ప్రకారం శాలువా కప్పి, చేతిలో కొబ్బరికాయ పెట్టారు. ఆ కాయను ఒళ్లో పెట్టుకుని గంటసేపు కదలకుండా విన్నాను.

మాట్లాడిన అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఏదో పెద్ద వేధశాలలో పనిచేస్తుందట. తెర మీద రెండు శిఖరాలున్న గీత ఒకటి చూపించి, ఇదిగో ఈ శిఖరం నాలుగు రోజుల్లో ఇంత లేచింది, పక్కనున్నది మాత్రం కదలలేదు, చూడండి అని మరాఠీలో ఎంతో సులువుగా చెప్పింది. ఆ తరువాత నవ్వుతూ, వెనకటి రోజుల్లో ఇలాంటివి కనబడితే యంత్రం చెడిపోయిందనుకుని ఆ కాగితాలు పక్కన పడేసేవాళ్లట అంది. హాలంతా నవ్వింది.

చివర ప్రశ్నలుంటే అడగమన్నారు. అడగాలని ముందు అనుకోలేదు గాని, చూస్తుండగానే నిలబడి ఉన్నాను. ముఖేడ్ దాటిన తరువాత ఒక గుట్ట మీద, ఇప్పుడు మూతబడిపోయిన ఒక చిన్న కేంద్రంలో, నలభై ఏళ్ల కిందటే ఇదే సంగతి ఒకాయన చూశాడు అని చెప్పాను. ఆ అమ్మాయి నిజమైన సంతోషంతో, ఆ కొలతలు ఎక్కడున్నాయి మేడమ్, నాకు చూపిస్తారా అని అడిగింది. లేవన్నాను. ఆమె అయ్యో అని, ఏదో మర్యాదగా ఇంకొక మాట అని, వెనక చెయ్యెత్తిన విద్యార్థి వైపు తిరిగింది. తప్పు ఆమెది కాదు. కాగితం లేని మాటకు మా శాస్త్రంలో విలువ లేదని ముప్పై ఏళ్లు నేనే పాఠం చెప్పాను. కాని ఆ కాగితాలు ఎందుకు లేవో ఆ హాలులో నాకు ఒక్కదానికే తెలుసు. నా ఈడువారికైతే అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను. ఈ వయసులో మనకు మిగిలేవి మనం చేసిన పనులు కొన్ని, చెయ్యక వదిలినవి కొన్ని. రెండో రకం బరువు ఎక్కువ.

మాది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. నాన్నను మేము బాపు అనేవాళ్లం. ఆయన మీటర్‌గేజ్ రోజుల్లో గార్డుగా చేరి, నాందేడ్ రైల్వే క్వార్టర్లలోనే మమ్మల్ని పెంచి పెద్ద చేశాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, బడిలో మరాఠీ. ఏ మాట ఏ భాషదో తెలియకుండానే మాట్లాడుతూ పెరిగాం. బాపు తమ్ముడిని కాక అనేవాళ్లం. తెలుగులోనూ కాకే, మరాఠీలోనూ కాకే కాబట్టి వాడకట్టంతా ఆయనను అదే పిలుపు పిలిచేది. ఆయన చదివింది పదో తరగతే. రైల్వేలో టెలిగ్రాఫ్ తీగలు బాగుచేసే పనిలో ఉండేవాడు. ఇస్లాపూర్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో వానలకు తీగ తెగితే, అడవి వెంట నడుస్తూ, టెలిఫోను చెవికి పెట్టుకుని, ఆ గరగరను బట్టే ఎంత దూరంలో తెగిందో చెప్పేవాడని బాపు చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేవాడు. క్వార్టర్లలో ఎవరి రేడియో మూగబోయినా కాక దగ్గరికే వచ్చేది. విప్పి, పాత దినపత్రిక మీద ముక్కలన్నీ వరుసగా పేర్చి, ఏ ముక్క ఎక్కడిదో దాని పక్కనే పెన్సిలుతో రాసిపెట్టేవాడు. అంత ఒద్దికైన చెయ్యి నేను మళ్లీ చూడలేదు. ఈ మాట ఇక్కడే ఎందుకు రాస్తున్నానో కొంచెం ఆగితే తెలుస్తుంది.

ముఖేడ్ అవతల గుట్ట మీద ఒక విశ్వవిద్యాలయం వాళ్లు రేడియో దూరదర్శిని పెడుతున్నారని, పనివాళ్లు కావాలని తెలిసి, కాక పక్కా రైల్వే ఉద్యోగం వదిలి అందులో చేరాడు. బాపుకు సుతరామూ నచ్చలేదు. రైలు తీగల్లో మాట్లాడేది మనుషులే గదా, వాళ్ల మాటలు చాలా విన్న, ఇప్పుడు ఆకాశం ఏమంటదో ఇంటా అని కాక నవ్వి ఊరుకున్నాడు. నేను ఎమ్మెస్సీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న ఏడాది, తన అన్నబిడ్డ ఒకతె ఉందని అక్కడి పెద్దకు చెప్పి, నన్ను పరిశోధన విద్యార్థినిగా చేర్పించిందీ కాకే. ఆ పెద్దను సారు అనే అంటాను, ఆయన పేరుతో ఇప్పుడు పని లేదు. ఆడపిల్ల ఒంటరిగా గుట్టల్లో ఎట్లా ఉంటుందని అమ్మ ఏడిస్తే, ముఖేడ్‌లో కాకా, చిన్నమ్మా ఉంటున్న రెండు గదుల ఇంట్లోనే ఉంచుకున్నారు. వాళ్లకు పిల్లలు లేరు. మూడేళ్లు ఆ ఇంటి పిల్లగానే ఉన్నాను.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. నక్షత్రాలకు కూడా ముసలితనం వస్తుంది. అప్పుడవి ఉబ్బి, ఎర్రబడి, ఒంటి మీది వాయువునూ ధూళినీ చుట్టూ వదులుతాయి. ఆ పొరలోని కొన్ని అణువులు తమ మీదుగా పోయే రేడియో తరంగాన్ని పట్టి ఎన్నో రెట్లు పెంచి పంపుతాయి. లేజర్ వెలుగు మనందరికీ తెలుసు. రేడియోలో దానివంటిదే మేసర్. అలాంటి నక్షత్రం ఒకదాన్ని మేము రోజూ వినేవాళ్లం. రేడియోకు పగలైనా రాత్రైనా ఒకటే కాబట్టి, ఆ కాలంలో పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా పట్టేవాళ్లం. చార్టు కాగితం మీద పెన్ను గీసే గీతలో ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి రెండు శిఖరాలు లేచేవి. మన వైపు వచ్చే వాయువుది ఒకటి, అవతలికి పోయేది ఇంకొకటి. కాక దానికి ఎద్దు అని పేరు పెట్టాడు, రెండు కొమ్ములు ఉన్నాయని. నక్షత్రం ఏడాదికి పైగా సాగే లయలో ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది గనుక కొమ్ములు కూడా అంతే మెల్లగా పెరిగి తగ్గాలని సారు సిద్ధాంతం. నా థీసిస్ అదే.

ఆ ఏడు, ఎద్దులకు పూజచేసే పోలా పండుగ వెళ్లిన తరువాత, వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం, కాక కాగితం చేతిలో పట్టుకుని నన్ను పిలిచాడు.

“చూడవే, ఎద్దు కుడికొమ్ము పెరుగుతున్నది. మొన్నటికి నిన్నటికి పెరిగింది, ఇయ్యాల ఇంక పెరిగింది. ఎడమది ఎట్లున్నదట్లనే ఉన్నది.”

మిషన్‌లో ఏదో లోపమేమో అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

“మిషన్ల గలతీ ఉంటె రెండు కొమ్ములు లెవ్వాలె గదనే. ఒక్కటే ఎట్ల లేస్తది?”

అంత సూటి మాట ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఒకే యంత్రం, ఒకే కాగితం, ఒకే గడియ. అందులో ఒక శిఖరం పెరిగి ఇంకొకటి పెరగకపోతే, మార్పు నక్షత్రం దగ్గరే జరిగి ఉండాలి. అలా పదకొండు రోజులు చూశాం. కుడికొమ్ము నాలుగో రోజుకు సగానికి సగం పెరిగి, ఏడో రోజుకు దిగి, మళ్లీ లేచింది. సారు అప్పుడు ఊళ్లో లేరు. ఆ పదకొండు రోజులూ మేమిద్దరం పిల్లల్లా ఉన్నాం. బస్సు దిగి గుట్ట ఎక్కుతుంటే కాక నాకంటే ముందు నడిచేవాడు.

దీనికి ఒక్క అడ్డుప్రశ్న ఉంది, అదీ ఆయనకే తట్టింది. మా యంత్రం వచ్చిన తరంగాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి ఒక్కొక్క గడిని వేరుగా కొలిచేది. కుడికొమ్ము పడే గడిలో కాక నెల కిందట ఒక భాగం మార్చాడు. ఆ గడే చెడిందేమోనని ఎవరైనా అనవచ్చు. అందుకని తొమ్మిదో రోజు పొద్దున ఆయన యంత్రం శ్రుతిని కొంచెం జరిపి, కుడికొమ్ము వేరే గడిలో పడేట్టు చేసి చూశాడు. పెరుగుదల కొమ్ముతో పాటే కొత్త గడిలోకి వచ్చింది, పాత గడి మామూలుగా ఉంది. నేను పక్కనే నిలబడి ఆ అంకెలు నా చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాను. కాక రిజిస్టరులో రాశాడు. యంత్రాన్ని ముట్టుకున్నప్పుడల్లా చూసినవాళ్లు కూడా రిజిస్టరులో సంతకం పెట్టాలని నియమం.

“ఈడ సంతకం పెట్టవే.”

“రేపు పెడతలే కాకా, బస్సు పోతది.”

ఆ రేపు రాలేదు. నేనే మరిచాను, ఆయన మళ్లీ అడగలేదు.

సారు తిరిగి వచ్చి కాగితాలు చూసి ముఖం గంటు పెట్టుకున్నారు. రెండు వారాల్లో బయటి నుంచి పెద్దల సంఘం ఒకటి రాబోతోంది. ఈ కేంద్రాన్ని పెంచాలా మూసెయ్యాలా అని తేల్చేది వాళ్లే. వాళ్ల ముందు పదకొండు రోజుల ఈ గంతులు పెడితే యంత్రాన్నే నమ్మరు అన్నారు. కొమ్ము సంగతి, గడి సంగతి నేను చెప్పబోయాను. విన్నారు కూడా. ఆయనకు అర్థం కాలేదనుకుంటే పొరపాటు. బాగా అర్థమయిందని ఇప్పటికీ నా నమ్మకం. కాని ఆయనకు కావలసింది మచ్చలేని యంత్రం. యంత్రానికి మచ్చ లేదంటే మచ్చ మనిషికి పెట్టాలి. టెక్నీషియన్ ఒక గడిలో భాగం మార్చి సరిగా అతకలేదు, అందువల్ల పదకొండు రోజుల కొలతలు చెడ్డాయి, ఆ తరువాత సరిచేశాం. ఇదీ ఆయన తయారు చేసుకున్న కథ. దానికి కాక చేసిన పరీక్ష ఒక్కటే అడ్డం. రిజిస్టరులో దాని కింద రెండో సంతకం లేదు.

ఒక మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. మూడు వాక్యాలు. అలాంటి పరీక్ష ఏదీ నా ఎదుట జరగలేదని సారాంశం. పక్కనే నా థీసిస్ గీత పరిచి, ఆ పదకొండు రోజులు తీసేస్తే వంపు ఎంత శుభ్రంగా ఉందో చూడమన్నారు. నిజంగానే శుభ్రంగా ఉంది. నేను కాక పేరు ఎత్తితే మరాఠీలో ఎంతో మెత్తగా అన్నారు, “ఒక మెమోతో పోయేదానికి ఎందుకమ్మా భయం? ఆయన నీ కాక, ఆయనకు చెడు జరగనిస్తానా?”

బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఈ కథ నాకు ఇంకొంచెం అనుకూలంగా ఉండేది. సంతకం పెట్టడానికి నాకు పట్టింది టీ చల్లారేంత సేపు. బయటికి వచ్చి, బస్టాండు దగ్గర, నోటు పుస్తకంలోంచి ఆ అంకెల పేజీ చింపి, నలిపి, వాన నీళ్లు పారుతున్న కాలువలో పడేశాను. అది ఎవరూ చెయ్యమనలేదు.

మూడో రోజు కాక యంత్రపు గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నా కాగితం ఆయనకు చూపించారని ముఖం చూడగానే తెలిసింది. నేను పక్కనుంచి లోపలికి పోబోతుంటే అడిగాడు.

“ఆ పొద్దు నువ్వు గాడ లేవా, బిడ్డా?”

నేను తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గుట్ట కింద ఎవరో గొడ్లను అదిలిస్తున్న కేక వినిపిస్తోంది. ఆయన మెట్ల మీద తడి తుడిచిన గుడ్డ మడతపెట్టి, లేచాడు.

“సరే. లేకుంటె లేవు.”

మెమోతో పోలేదు. ఆయనను యంత్రం ముట్టవద్దని, డీజిల్ జనరేటరు షెడ్డు చూసుకోమని వేశారు. తీగ గరగరను బట్టి మైళ్లు చెప్పగలిగిన మనిషిని పొద్దస్తమానం ఆ రొదలో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండా ఆయనే రాజీనామా ఇచ్చాడు. ఆ నెల రోజులూ నేను అదే రెండు గదుల ఇంట్లో ఉన్నాను, అదే బస్సులో ఆయన పక్కన కూర్చుని గుట్టకు వెళ్లాను. చిన్నమ్మకు ఆయన నా సంగతి ఏమీ చెప్పలేదు. చెబుతాడేమోనని నేను రోజూ పొద్దున ఆమె ముఖం చూసేదాన్ని. ఎప్పటిలాగే ఉండేది. అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, ఊరట. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

వాళ్లు ముఖేడ్ ఇల్లు ఖాళీ చేసి నాందేడ్ వచ్చిన రోజు బాపు క్వార్టరులో అందరి ముందూ అడిగాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను, అందరికీ టీ అందిస్తూ.

“సర్కారీ నౌకరి ఇడిసిపెట్టి గుట్టలెంబడి పోతివి. గాడ గూడ పని సక్కగ చెయ్యకపోతివి. మా ఇజ్జత్ తీసినవ్ గదరా.”

కాక తల ఎత్తలేదు. నా చేతిలోంచి కప్పు తీసుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

“గలతీ అయింది అన్నా.”

ఆ రెండు మాటలతో ఆయన నన్ను కాపాడాడని అందరూ అనుకోవచ్చు. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఆయన నాతో ఇక ఏ వాదమూ పెట్టుకోదలచలేదని అనిపించింది. వాదించినా బాగుండేది.

సంఘం వాళ్లు వచ్చి, చూసి, మెచ్చుకుని వెళ్లారు. పదకొండు రోజులు తీసేసిన నా థీసిస్‌కు డాక్టరేటు వచ్చింది. ఆ పట్టాతోనే నాందేడ్‌లో ఉద్యోగం దొరికింది. ఇంతచేసీ ఆ కేంద్రం నిలిచిందా అంటే అదీ లేదు. నాలుగైదేళ్లకే పైవాళ్ల ఆసక్తి వేరే వైపు మళ్లి దాన్ని మూసేశారు. చార్టు కాగితాలు బస్తాలకెత్తి పాత కాగితాలవాడికి వేశారని తరువాత విన్నాను. మా పదకొండు రోజులవీ అందులోనే పోయి ఉంటాయి. సారు మాత్రం పెద్ద పదవులు చూసి రిటైరయ్యారు. ఆయన సన్మాన సభలో, జీవితంలో ఒక్క తప్పుడు కొలతను కూడా అచ్చుకు పోనివ్వని మనిషి అని పొగిడారు. నేను చప్పట్లు కొట్టాను. భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టి, మీ కాక బాగున్నారా అని కుశలం అడిగారు కూడా. బాగున్నారన్నాను.

కాక నాందేడ్‌లోనే వజీరాబాద్ బజారులో ఒక సందులో చిన్న దుకాణం పెట్టుకుని రేడియోలు, టేపురికార్డర్లు, ఆ తరువాత ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేశాడు. బతుకు గడిచింది, అందులో లోటు లేదు. లోటు ఇంకోచోట. మా తమ్ముడి పెళ్లికి మండపం దీపాల పని కాక చేస్తానన్నాడు. ఇంట్లో అంతటి పనిమంతుడు ఉండగా బాపు బజారు నుంచి మనిషిని మాట్లాడాడు. వాని చెయ్యి నమ్మేటిది కాదు అన్నాడు, వినపడేట్టే. కాక పెళ్లంతా వెనక కుర్చీలో కూర్చుని, అక్షింతలు వేసి వెళ్లిపోయాడు. నేను పెళ్లికూతురి పక్కన పట్టుచీరలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. అప్పటికి నా ఉద్యోగం పక్కా అయింది, సారు నన్ను చేయగలిగింది ఏమీ లేదు. అయినా చెప్పలేదు. మొదటిసారి భయపడి చెప్పలేదు, ఆ తరువాత ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారేమోనని చెప్పలేదు. ఆలస్యమైన ప్రతి ఏడూ దానికదే కొత్త కారణం అయింది.

కొన్నేళ్లకు మా కళాశాల గ్రంథాలయంలో ఒక విదేశీ పత్రిక తిరగేస్తుంటే, ముసలి నక్షత్రాల మేసర్లలో కొన్ని శిఖరాలు కొద్ది రోజుల్లోనే లేచి పడుతున్నాయని, అది యంత్రదోషం కాదని రాసిన వ్యాసం కనిపించింది. దాన్ని జిరాక్సు తీయించుకుని, క్లాసు వదిలేసి, మిట్టమధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. కాక ఎవరిదో టేబులు ఫ్యాను విప్పి ముందు పెట్టుకున్నాడు. నేను గీతలు చూపిస్తూ తెలుగులో చెప్పుకుపోతుంటే స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, కాగితం మీదికి వంగాడు.

“వాళ్లు చూసింది గూడ ఒక్క కొమ్మేనా?”

“ఒక్కటే కాకా. రెండోది కదల్లేదు.”

ఆయన ముఖం మీదికి పాత నవ్వు వచ్చింది. గుట్ట ఎక్కేటప్పటి నవ్వు. వేలితో ఆ శిఖరం అంచు వెంట మెల్లగా గీసి చూశాడు. నేను ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుని, విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాస్తాను, జరిగిందంతా చెబుతాను అన్నాను. నవ్వు పోయింది. జిరాక్సు కాగితాలు మడతపెట్టి నా చేతికే ఇచ్చాడు.

“నాకు తెల్సిందే గదనే ఇది. నీకు గూడ తెల్సిందే. దీన్ల మనకు కొత్తగ ఏం తెల్సింది?”

నేను మళ్లీ ఉత్తరం మాట ఎత్తాను.

“ఎవనికి రాస్తవ్? గుట్ట మీద ఇప్పుడు మేకలు మేస్తున్నయ్. పో, నీకు క్లాసు లేదా?”

ఎవరో ఇస్త్రీపెట్టె పట్టుకుని వస్తే వాళ్ల వైపు తిరిగాడు. నేను ఉత్తరం రాయలేదు. రాసినా ఏం చూపించను? కాగితాలు తూకానికి పోయాయి, రిజిస్టరు ఎక్కడుందో తెలియదు, నా పేజీ కాలువలో పోయింది. మిగిలి ఉన్న సాక్ష్యం ఏదైనా ఉంటే ఏదో బీరువాలో నా సంతకంతో ఉన్న ఆ మూడు వాక్యాలే.

బాపు తమ్ముణ్ని పనికిమాలినవాడనుకుంటూనే పోయాడు. రెండేళ్ల కిందట కాక కూడా పోయాడు. జ్వరమని పడుకుని నాలుగు రోజుల్లోనే. పదో దినం నాడు చుట్టాలంతా కూర్చుని ఆయన మంచి చెడ్డలు తలుచుకుంటూ, మంచి మనిషే గాని చేతిలో ఉద్యోగం నిలబెట్టుకోలేకపోయిండు అన్నారు. నేనప్పుడు కూడా వింటూ కూర్చున్నాను. అందరూ వెళ్లిన తరువాత, పొద్దు వాలుతుండగా, వాకిట్లో కందిపప్పు చెరుగుతూ కూర్చున్న చిన్నమ్మ దగ్గరికి వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సంతకం సంగతి, చింపిన పేజీ సంగతి, టీ కప్పు సంగతి. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, క్షమిస్తుందని కూడా లోపల ఎక్కడో ఆశపడ్డాను. చేట ఆపి పక్కన పెట్టింది.

“తన చేతులనే గలతీ అయిందని చెప్పిండు నాకు. నేను గూడ నమ్మితి. ఇన్నేండ్లు నమ్మితి. కోపమచ్చినప్పుడల్ల గదే మాటతోని పొడిచిన ఆయన్ని.”

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

“గిప్పుడెందుకు చెప్తివి బిడ్డా? మీ బాపు బతికుండంగ చెప్తె ఆయన తలెత్తుకొని తిరుగుతుండె గద.”

నా బరువు దించుకోవడానికి వెళ్లి దాన్ని ఆ ముసలి ప్రాణం మీద పెట్టి వచ్చానని దారిలో అర్థమయింది.

ఇప్పుడు ఈ ఊళ్లో మన కాలపువి ఎన్ని మిగిలాయి? మీటర్‌గేజ్ పట్టాలు పోయాయి, మేమున్న క్వార్టర్లు పోయాయి. కాక దుకాణం ఉన్న సందులో పాడైనదాన్ని విప్పి చూసేవాళ్లే లేరు, కొత్తది కొనుక్కోమంటారు. మా శాస్త్రమూ మారిందట. యంత్రాన్ని ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో యంత్రమే రాసుకుంటుందట. నచ్చని రోజుల కొలతలు కూడా అలాగే దాచి ఉంచుతారట, ఎవరైనా ఇంట్లో కూర్చుని తీసి చూడవచ్చునట. మంచిదే. ఒక మనిషి మాట నిలబడటానికి ఇంకో మనిషి ధైర్యం మీద ఆధారపడాల్సిన అవసరం ఇప్పటి పిల్లలకు కొంతైనా తగ్గింది. మా రోజులు బంగారు రోజులని నా ఈడువారు అంటుంటే నేను తల ఊపుతాను గాని, నోటితో అవునని అనలేను.

చిన్నమ్మ దగ్గరికి ఇప్పటికీ నెలకోసారి వెళ్తాను. కూర్చోమంటుంది, టీ పెడుతుంది, మోకాళ్లు ఎట్లున్నయని అడుగుతుంది. వెనకటికి నేను లేస్తే చాలు, తిని పో బిడ్డా అని చెంగు పట్టుకుని ఆపేది. ఆకలి లేదన్నా వినేది కాదు, ఆమెతో పోట్లాడి బయటపడటమే ఒక పనిగా ఉండేది. ఇప్పుడు లేచి చెప్పులు వేసుకుంటే, కూర్చున్న చోటనుంచే, సరే, పైలంగ పో అంటుంది.